ఆ ఇరవై సెకన్లు నావి

ఆ వీడియో నేను మొదటిసారి బస్సులో చూశాను. మా అమ్మాయి ఫోన్‌కి పంపింది. కింద ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసింది: ఇది నువ్వు వాయించిన పాటే కదా, మరి నువ్వు కనిపించవేం?

ఇక్కడే సింగపూర్‌లో, క్రాంజి వైపు ఏదో తోటలో తీసినట్టున్నారు. గాయకుడు చెక్క కంచెకు ఆనుకుని గిటార్ పట్టుకుని నిలబడ్డాడు. అతను గొంతెత్తే ముందు ఇరవై సెకన్ల పాటు ఒక్క ఫిడేలే మోగుతుంది. ఆ ఇరవై సెకన్లు నావి. నేను కట్టుకున్న వరస, నేను తీసిన కమాను, నా వేళ్లు. తెర మీద మాత్రం తోలు బూట్లు తొడుక్కుని, గోధుమరంగు టోపీ పెట్టుకున్న సన్నటి చైనీస్ అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని గాలికి జుట్టు ఎగరేస్తోంది. కమాను బాగానే పట్టుకుంది. కానీ రిషభం మీంచి గాంధారానికి నేను మెల్లగా జారే చోట ఆమె వేలు కదలనే లేదు. శబ్దం జారింది, వేలు అక్కడే ఉంది.

మామూలుగా నాకు కోపమొస్తే ముందు ఏడుపొస్తుంది. ఆ రోజు ఏడుపు రాలేదు. దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులు పోయాక తేరుకుని దిగి, ఎండలో వెనక్కి నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

నేను సెషన్ ఫిడేలు వాయించేదాన్ని. స్టూడియో వాళ్లు పిలిస్తే వెళ్లి, వాళ్ల పాటకు కావలసిన ముక్క వాయించి రికార్డు చేయించి రావడం నా పని. అందులోనూ కంట్రీ, బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లెపాటలకు. రాజమండ్రిలో పుట్టినదానికి ఈ పనేమిటని అడగని తెలుగువాళ్లు సింగపూర్‌లో లేరు. మా సంఘం ఉగాది కార్యక్రమానికి ఏదైనా వాయించమంటే, ఒక కీర్తనా ఒక బ్లూగ్రాసూ వాయిస్తానన్నాను. కార్యదర్శిగారు నవ్వి, "మన ఆడవాళ్లు కౌబాయ్ పాటలు వాయించడం ఏం బాగుంటుందండీ, కీర్తన చాలు" అన్నారు. అయితే కీర్తన కూడా వద్దులెండి అన్నాను. ఆ తర్వాత వాళ్లు పిలవలేదు, నేను అడగలేదు.

మా నాన్న హరికథలకు ఫిడేలు వాయించేవారు. ఆయన వయొలిన్ అని ఎప్పుడూ అనలేదు, ఫిడేలే అనేవారు. పందిట్లో దాసుగారి పేరు మైకులో నాలుగుసార్లు చెప్పేవారు. నాన్నని పక్కవాద్యం వారు అనేవారు. ఆయనకి కోపం వచ్చేదో లేదో నాకు తెలియదు, వచ్చినా నాకు చూపించలేదు. ఆయన దాచుకున్నదంతా నాకు ఆస్తిగా వచ్చిందని మా ఆయన వెక్కిరిస్తూ ఉంటారు.

మా ఆయనకి తువాస్‌లోని ఒక షిప్‌యార్డులో ఉద్యోగమొస్తే ఈ ఊరొచ్చాం. బుకిట్ పంజాంగ్‌లో ఫ్లాట్. ఆయన పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే, పాప స్కూలుకి పోతే, నేను హాల్లో నేల మీద కూర్చుని సాధన చేసుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. గళ్ల చొక్కా, పెద్ద ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు, తెల్లటి మీసం. మా కింద రెండో అంతస్తులో ఉండే పెద్దాయన, యూరప్ రక్తం కలిసిన ఇక్కడి యురేషియన్. ఫిడేలు గోల మీద ఫిర్యాదుకొచ్చారనుకుని, ఆయన నోరు తెరవకముందే క్షమాపణ చెప్పుకోవడం మొదలెట్టాను. ఆయన అంతా విని, ఇదే ఇంకా వేగంగా వాయించగలవా అని అడిగారు.

ఆయన సెంబవాంగ్ డాక్‌యార్డులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. కుర్రతనంలో ఓడలు దిగి వచ్చే నావికుల దగ్గర ఈ పాటలు నేర్చుకుని, గిటార్‌లాంటి బాంజో వాయించడం పట్టుకున్నారు. తనలాంటి ముసలివాళ్లు నలుగురితో ఒక బ్యాండు పెట్టుకుని, ప్రతి శనివారం మధ్యాహ్నం కమ్యూనిటీ క్లబ్బులో వరసల్లో నిలబడి లైన్ డాన్స్ చేసే ఆంటీలకు వాయిస్తుండేవారు. వాళ్ల ఫిడేలు మనిషి పిల్లల దగ్గరికి ఆస్ట్రేలియాలోని పెర్త్ వెళ్లిపోయాడు. అందుకని నా తలుపు కొట్టారు.

ముందు నన్ను లేచి నిలబడమన్నారు. ఫిడేలు తలని కాలి చీలమండ మీద ఆనించి కూర్చుని వాయించడం తప్ప నాకు రాదు. నిలబడితే ఫిడేలు జారిపోతుందని భయం. గడ్డం కింద పెట్టుకుంటే మెడ పట్టేసేది. రెండు నెలలు మెడకి నూనె రాసుకుంటూ నేర్చుకున్నాను. తర్వాత కమాను. ఒక పొడుగు, రెండు పొట్టి, ఒక పొడుగు, రెండు పొట్టి. పాడేవాడు పాడుతుంటే కమాను మొదలుతో తీగల్ని టక్ టక్‌మని కొట్టి తాళం వేయాలి. నాన్న చూస్తే వాయిద్యాన్ని కొడుతున్నావేమిటే అని ఏడ్చేవారు. కానీ ఒకరోజు బాంజో పెద్దాయన పాతకాలపు వరస ఒకటి నేర్పుతూ, దీనికి తీగల్ని వేరే రకంగా కట్టాలని బిరడాలు తిప్పి ఇచ్చారు. కమాను పెట్టి చూస్తే స, ప, స, ప. మా ఇంటి శ్రుతి. ఆ పాట మోహన రాగంలా ఉంది. నేను నవ్వడం మొదలెట్టాను, ఆపలేకపోయాను. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు, అయినా తనూ నవ్వారు. నలభై దాటిన నన్ను ఆయన గర్ల్ అని పిలిచేవారు. నేను అంకుల్ అనేదాన్ని. నాన్న తర్వాత నాకు వాయిద్యం నేర్పింది ఆయనే.

స్టూడియో పనులు కూడా ఆయన ద్వారానే వచ్చాయి. కరావోకే పాటల వెనక సంగీతం, బిస్కెట్ల ప్రకటన, చైనీస్ టీవీ సీరియల్లో హీరో కలలో గుర్రమెక్కే సీను. మొదట్లో నెలకొకటి, తర్వాత వారానికి రెండు. మూడు నాలుగు టేకుల్లో ముగించేదాన్ని, అందుకని పిలిచేవారు. ఒక స్టూడియోలో తలుపు తీసినవాడు నన్ను చూసి, ఫిడేలు వాయించే మనిషి ఇంకా రాలేదు, పార్సిల్ అయితే అక్కడ పెట్టి వెళ్లండి అన్నాడు. నా చేతిలో ఫిడేలు పెట్టె ఉంది. ఇంకొకచోట అంతా అయ్యాక, కొంచెం ఇండియన్‌గా కూడా ఏదైనా వాయించగలరా అన్నారు. ఇప్పటిదాకా వాయించిందంతా ఇండియన్ చెయ్యే బాబూ అని మనసులో అనుకున్నాను. అప్పట్లో అన్నీ మనసులోనే అనుకునేదాన్ని.

ఆ వీడియోలోని పాట ఉన్న ఆల్బమ్ పని మూడు నెలలు పట్టింది. పది పాటలు. గాయకుడికి ఇక్కడ కాస్త పేరుంది. నిర్మాత నలభై ఏళ్లవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. మొదటి పాటకు ఆరంభం ఏం పెట్టాలో ఎవరికీ తోచక అందరూ టీ తాగుతుంటే, నేను ఊరికే నాన్న హరికథల్లో పద్యానికీ పద్యానికీ మధ్య వాయించే ముక్కొకటి గుర్తు తెచ్చుకుని, దాన్ని వేగం చేసి, రెండు తీగల మీద కలిపి వాయించాను. నిర్మాత కప్పు కింద పెట్టి పరిగెత్తుకుంటూ వెళ్లి రికార్డింగ్ ఆన్ చేశాడు. అదే ఆ ఇరవై సెకన్లు. మా బాంజో అంకుల్ కూడా ఆ గదిలోనే ఉన్నారు. ఆ రోజు రైల్లో ఇంటికొస్తూ, ఈ పాట నీ ఫిడేలు వల్లే నిలబడుతుంది గర్ల్ అన్నారు.

వీడియో చూసిన మర్నాడు నిర్మాతకు ఫోన్ చేశాను. అతను తడబడలేదు. ముందే సిద్ధం చేసుకున్న మాటలా చెప్పాడు.

"సౌండ్ మీది, పిక్చర్ మాది. ఈ మ్యూజిక్‌కి ఒక లుక్ ఉంటుంది కదా. దీన్ని పర్సనల్‌గా తీసుకోకండి."

నా పేరెక్కడ అని అడిగాను. సెషన్ వాళ్ల పేర్లు వేయడం మా పద్ధతి కాదన్నాడు. నేను సంతకం పెట్టిన కాగితంలో అలాగే ఉందిట. తర్వాత, నేను ఫోన్ పెట్టేయబోతుండగా, ఒక సాయం చేయమన్నాడు. వచ్చే శనివారం ఒక షాపింగ్ మాల్ కింది అంతస్తులో ఆల్బమ్ విడుదల. ఆ అమ్మాయి వేదిక మీద ఫిడేలు పట్టుకుని నిలబడుతుంది, నా రికార్డింగ్ మోగుతుంది. చేతులు శబ్దానికి కలిసేలా ఒక గంట వచ్చి ఆమెకు చూపించాలి. దాన్ని కూడా ఒక సెషన్ కింద లెక్క వేస్తామన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఆయన షూ విప్పుకుంటూ విన్నారు.

"పోనీ వదిలేయ్. వాయించింది నువ్వేనని మనకి తెలుసుగా" అన్నారు.

"రేపట్నించి మీ యార్డులో మీరు చేసిన పనికి ఇంకొకడు సంతకం పెడితే, చేసింది మీరేనని నాకు తెలుసుగా అంటాను. ఊరుకుంటారా?"

మా అమ్మాయి గదిలోంచి బయటికొచ్చి, "అమ్మ కరెక్ట్ లా, డాడీ" అంది, ఈ ఊరివాళ్లలాగే మాట చివర లా తగిలించి. రిహార్సల్‌కి వస్తానని నిర్మాతకు చెప్పాను. నేర్పడానికి కాదు, నేర్పనని మొహం మీద చెప్పడానికి.

రిహార్సల్ గదిలోకి అడుగు పెట్టేసరికి, మూలన కుర్చీలో బాంజో తీగలు సరిచేసుకుంటూ అంకుల్ కనిపించారు. వేదిక మీద ఆయన నిజంగానే వాయిస్తారట. తెల్ల మీసం, గళ్ల చొక్కా, ఇత్తడి బకిల్. ఆయనకు లుక్ ఉంది. నన్ను చూసి ఆయన చూపు తీగల మీదికి దించుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు.

"మీకెప్పట్నించి తెలుసు అంకుల్?" అని అడిగాను.

"షూటింగ్ అప్పట్నించి. స్టేజీకి నన్ను అప్పుడే అడిగారు" అన్నారు మెల్లగా. అంటే రెండు నెలలు. ఎనిమిది శనివారాలు క్లబ్బులో నా పక్కన వాయించి, కింద కాఫీ షాపులో నాకు టీ కొనిపెట్టి, ఒక్క మాట చెప్పలేదు. నిర్మాత మీద కోపం ఎంతైనా అది పరాయివాడి మీద కోపం. ఇది గుండెల్లో దిగింది. ఏదో ఒకటి అనాలి, కానీ ఆయన మీద నా నోరు లేవలేదు. అది కూడా కోపమే తెప్పించింది.

సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి దగ్గరికొచ్చింది. టోపీ లేదు, బూట్లు లేవు, మామూలు చెప్పులు. చేతిలో ఫిడేలు. నాకు నమస్కారం పెట్టాలో చెయ్యి కలపాలో తెలియక రెండూ సగం సగం చేసి, "ఆంటీ, ఆ జారే చోటు నాకు దొరకట్లేదు. ఎక్కడ మొదలెడుతున్నారు, ఎక్కడ ఆపుతున్నారు? ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగింది.

నేను ఆమెను కింది నుంచి పైకి చూశాను. "అది నీకు రాదు. నీకు రావలసిన అవసరం కూడా లేదు, నీ తరఫున నేను వాయిస్తున్నానుగా" అన్నాను. గదిలో అందరికీ వినిపించేలా అన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది. నిర్మాత ఏదో సర్దిచెప్పబోతే, ఇంకెప్పుడూ నన్ను పిలవొద్దని చెప్పి, ఫిడేలు పెట్టె తెరవకుండానే వెనక్కి వచ్చేశాను.

శనివారం వెళ్లకూడదనుకున్నాను. వెళ్లాను. మూడో అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడితే వేదిక స్పష్టంగా కనబడుతుంది. మధ్యాహ్నం మూడు గంటలు. కింద జనం ఫోన్లు పైకెత్తి ఉన్నారు. ఆ అమ్మాయి టోపీ పెట్టుకుని వచ్చింది. మొదలెట్టే ముందు సౌండ్ బల్ల దగ్గరికి వెళ్లి, అక్కడున్న అతని చెవిలో ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ చెప్పింది. అతను భుజాలు ఎగరేసి ఏదో మీట కిందికి లాగాడు.

మొదటి స్వరానికే అది నాది కాదని తెలిసింది. నా చెయ్యి నాకు తెలియదా! ఆమె నిజంగా వాయిస్తోంది. నా ఇరవై సెకన్లని చెవితో పట్టుకుని, వరస తప్పకుండా వాయిస్తోంది. కమాను కొంచెం బిగుసుకుంది, వేగం కొంచెం ఎక్కువైంది. జారు దగ్గర గాంధారం దాటి పైకి పోయింది, అపస్వరం. కింద ఎవరికీ తెలియలేదు, నాకు మాత్రం పళ్లు జివ్వుమన్నాయి. ఆమెకూ తెలిసింది, పెదవి కొరుక్కుంది. అయినా ఆగలేదు. అంకుల్ ఆమె వైపు ఒకసారి చూసి, బాంజో వేగం రవ్వంత తగ్గించి ఆమెను అందుకున్నారు. అది చూసి నాకు ఇంకా మండింది. ఆమె కోసం అంత చేయగలిగిన మనిషి, నా కోసం ఒక్క మాట చెప్పలేకపోయారు. పక్కన నిలబడిన నిర్మాత మొహం మాడిపోయింది. ఆ ఒక్కటే నాకు హాయిగా అనిపించింది.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. అంకుల్ అడ్రస్ చెప్పారట. తలుపు బయటే చెప్పులు విడిచి చాలాసేపు నిలబడింది, నేను లోపలికి రమ్మనేదాకా. చిన్నప్పట్నుంచీ పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటోందట. వీడియోకి పిలిచినప్పుడు తనే వాయించాలనుకుని వెళ్లిందట.

"నాకు వాయించడం వచ్చా అని ఎవరూ అడగలేదు ఆంటీ. బూట్ల సైజు అడిగారు" అంది.

రిహార్సల్ రోజు జారు ఎలా తీయాలని అడిగింది కూడా, వేదిక మీద తనే వాయించాలని అప్పటికే అనుకుంది కాబట్టేనట. ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు చెప్పనిచ్చారా అన్నట్టు నన్ను చూసింది. నాకు సిగ్గేసింది. కోపం ఎవరి మీద రావాలో వాళ్ల మీదికి వెళ్లక, దగ్గర్లో ఉన్న, మెత్తగా ఉన్న మనిషి మీద పడింది. నిర్మాత మళ్లీ ఆమెను పిలవనని చెప్పేశాడట. సౌండ్ అతనికి కూడా చీవాట్లు పడ్డాయట.

ఆమెను నేల మీద కూర్చోబెట్టి, తీగల్ని స, ప, స, ప కట్టించాను. జారుకి గాంధారం మీద నేరుగా వచ్చి నిలబడకూడదు, దాన్ని తాకి కొంచెం వణికి నిలబడాలని చూపించాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. వచ్చాక, వచ్చిందని ఆమెకు చెప్పాను. అంతకంటే మెచ్చుకోవడం నాకు చేతకాలేదు.

నిర్మాతకు ఒక ఉత్తరం రాశాను, నా పేరు వేయాలని. రెండు నెలలకు ఆన్‌లైన్‌లో ఆ ఆల్బమ్ పేజీ అడుగున, అదనపు తీగ వాయిద్యం అని ఒక చిన్న లైను చేర్చారు. నా పేరులో రెండక్షరాలు తప్పు. సరిచేయమని మళ్లీ రాశాను. జవాబు లేదు. అప్పట్నుంచీ ఏ స్టూడియో పిలిచినా రెండు షరతులు పెడుతున్నాను. నా పేరు వేయాలి. నా శబ్దానికి ఇంకెవరూ చేతులు ఊపకూడదు. సగం మంది మళ్లీ ఫోన్ చేయలేదు. ఒక స్టూడియో మాత్రం సరేనంది, అక్కడ వాయిస్తున్నాను. ఆ అమ్మాయికి నాకంటే ఎక్కువ పిలుపులొస్తున్నాయి. ఆమె కూడా అవే షరతులు పెడుతుంది, ఆమె పెడితే ఒప్పుకుంటారు. అందుకు నాకు కోపమే. అది తన మీద కాదని తనకి తెలుసు.

అంకుల్‌తో నాలుగు నెలలు మాట్లాడలేదు. ఒకే బ్లాకు, ఒకే లిఫ్టు. ఆయన ఎక్కితే నేను అంతస్తు నంబర్ల వైపు చూస్తూ నిలబడేదాన్ని. శనివారాలు క్లబ్బుకి వెళ్లడం మానేశాను. డాన్స్ ఆంటీలు ఎదురుపడి ఫిడేలు లేక అడుగు పడట్లేదని గోల పెట్టారు. చివరికి ఒకరోజు ఆయనే తలుపు కొట్టారు. లోపలికి రమ్మన్నా రాలేదు, కారిడార్లోనే నిలబడ్డారు.

"నాకు డెబ్భై ఎనిమిదేళ్లు. ఇదే నా ఆఖరి స్టేజీ అనుకున్నాను. నోరు తెరిస్తే నన్ను కూడా తీసేస్తారని భయమేసింది, గర్ల్."

"భయపడినందుకు మిమ్మల్ని ఏమీ అనను అంకుల్. ఎనిమిది శనివారాలు నా పక్కన కూర్చుని టీ తాగారు చూడండి, అది నేను మర్చిపోలేను."

ఆయన తలూపారు. క్షమించమని అడగలేదు, అడిగితే నేనేం చెప్పేదాన్నో నాకే తెలియదు. శనివారం వస్తావా అని మాత్రం అడిగారు.

"కోపం పోలేదు. ఈ ఊళ్లో ఇంకో బాంజో ఉంటే మీ దగ్గరికి రాను" అన్నాను.

"ఇంకోటి లేదు లా" అన్నారు ఆయన, నవ్వకుండా.

శనివారం వెళ్లాను. ఆంటీలు వరసల్లో నిలబడి నడుములు సర్దుకున్నారు. పాట ఎత్తుకోవలసింది నేను. మామూలుగా ఎత్తుకునేదానికంటే వేగంగా ఎత్తుకున్నాను, కావాలనే. అంకుల్ ఉలిక్కిపడి నా వైపు చూశారు. ఆయన వేళ్లు రెండు చుట్లు వెనకబడ్డాయి, మూడో చుట్టుకి పరిగెత్తి కలిశాయి, ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ముందు వరసలో ఒక ఆంటీ, ఇంత స్పీడైతే మా మోకాళ్లు పోతాయని అరిచింది. నేను తగ్గించలేదు.